రెండు సీట్ల కారు, ఒక తవిటయ్య

మా గంగిరేవు పురపాలక సంఘానికి సొంతంగా ఒక స్పోర్ట్స్ కారు ఉండేదంటే బయటి ఊరివాళ్ళు నమ్మరు. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే ఊరికి స్పోర్ట్స్ కారేమిటంటారు. మేం కొనలేదు లెండి. ఒకప్పుడు ఊళ్ళో జూట్ మిల్లు ఉండేది. అది మూతపడగానే దాని మేనేజరు దొర కారుని ఉన్నచోటే వదిలేసి ఓడెక్కి వాళ్ళ దేశం పోయాడు. తర్వాత మిల్లు స్థలం మా ఆఫీసైంది. స్థలంతో పాటు కారూ మాదైంది.

దానికి రెండే సీట్లు, పైన కప్పు లేదు. ఎర్ర రంగుదని పాత ఉద్యోగులు చెప్పేవారు కానీ నేను చేరేనాటికి అది నేల రంగులోనే ఉంది. నీళ్ళ ట్యాంకర్ల షెడ్డు పక్కన, నేరేడు చెట్టు కింద, టైర్లలో గాలి లేకుండా కూర్చుని ఉండేది. మధ్యాహ్నం భోజనమయ్యాక మా గేటు వాచ్‌మన్ తవిటయ్య దాని డ్రైవరు సీట్లో కూర్చుని కాసేపు కునుకు తీసేవాడు. ఆ కారు వల్ల మా ఊళ్ళో ఎవరికైనా సుఖం దక్కిందంటే అంతే.

ఈ తవిటయ్య మా వాచ్‌మనే గానీ మా మనిషి కాదు. కాంట్రాక్టరు మనిషి. కాంట్రాక్టర్లు మారినప్పుడల్లా పాత కాంట్రాక్టరు కొత్త కాంట్రాక్టరుకి చీపుర్లు, బకెట్లు, తవిటయ్యని అప్పగించి పోయేవాడు. జీతం చేతికిచ్చేవారు, కాగితం ఇచ్చేవారు కాదు. ఆయన ఎడమ కంటికి పొర కమ్మేసింది. జిల్లా పెద్దాసుపత్రిలో మునిసిపాలిటీ పనివాళ్ళకి ఆపరేషను ఉచితం, కానీ మునిసిపాలిటీ పనివాడినని కార్డు చూపించాలి. అందుకని ప్రతి సోమవారం, అర్జీల రోజున, నా టేబుల్ దగ్గరికొచ్చి కార్డు అడిగేవాడు.

నేను సీనియర్ అసిస్టెంటుని, వివరంగా చెప్పడం నా బాధ్యత. కార్డు కావాలంటే ఉత్తర్వు ఉండాలి. ఉత్తర్వు కావాలంటే పోస్టు ఉండాలి. పోస్టు కావాలంటే గేటుకి వాచ్‌మన్ లేక ఆఫీసు ఇబ్బంది పడుతోందని పైకి రాయాలి. తవిటయ్య రోజూ వచ్చి గేటు కాస్తున్నాడు గనుక ఇబ్బంది లేదు, ఇబ్బంది లేదు గనుక పోస్టు రాదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఆయన విసుక్కోకుండా వినేవాడు. నాకే చెప్పలేక విసుగొచ్చేది.

ఇలా ఉండగా పైనుంచి సర్క్యులర్ వచ్చింది. ఆఫీసుల్లో పడి ఉన్న నిరుపయోగ వస్తువులన్నిటినీ ఇకమీదట ఆన్‌లైన్‌లోనే వేలం వేయాలట. మా కమిషనర్ చిదానందం గారు వెంటనే సమావేశం పెట్టారు. ఆయన మాట్లాడితే ఉత్తర్వు చదివినట్టే ఉంటుంది, ఇంట్లో మంచినీళ్ళు కూడా అలాగే అడుగుతారని అంటారు. పారదర్శకత గురించి చాలాసేపు చెప్పి, సదరు కారుని తక్షణం విక్రయ ప్రక్రియలో ప్రవేశపెట్టాలని ఆదేశించారు. పాత కార్లు మాత్రమే అమ్మే వెబ్‌సైట్ ఒకటుందని ఇంజనీరు సోమలింగం గారు కనిపెట్టారు. ఫోటో తీసే పని నాకు పడింది.

నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం. తవిటయ్య డ్రైవరు సీట్లో ఉన్నాడు, మెడ ఎడమవైపు వాల్చి, గళ్ళ చొక్కాలో, భుజాన తువ్వాలుతో. ఆయనకి ఎడమ కన్ను సగం తెరిచి నిద్రపోయే అలవాటు. కాపలా మానేసినట్టు కనబడకూడదని అలా అలవాటు చేసుకున్నాడట. లేపి పక్కకి పొమ్మనొచ్చు. కానీ నిద్రపోయే మనిషిని లేపడం, అందులోనూ ఆఫీసులో, నాకు మనసొప్పదు. అలాగే తీశాను. ఫోటో చాలా బాగా వచ్చింది.

వెబ్‌సైట్ షరతుల్లో ముఖ్యమైనది ఒకటే. ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే. ఫోటోలో ఏది ఎలా కనబడుతోందో, కొన్నవాడికి అది అలాగే అప్పగించాలి. ఈ షరతు చదివి మా ఆఫీసంతా గజగజ వణికింది. ఎందుకంటే ఇదివరకు ఒక తుప్పుపట్టిన రోడ్డు రోలరు అమ్మినప్పుడు, పాపం ఒక ఓవర్సీరు, పోయేదైనా శుభ్రంగా పోనీ అని దానికి ఆకుపచ్చ రంగు వేయించాడు. ఆడిట్ వాళ్ళు వచ్చి, ఫోటోలో తుప్పు ఉంది, ఇచ్చినదాంట్లో తుప్పు లేదు, ప్రభుత్వ తుప్పు ఏమైందని నిలదీశారు. ఆయన ఇంక్రిమెంటు ఆగిపోయింది. ఇప్పటికీ రంగు డబ్బా చూస్తే ఆయనకి చెమటలు పడతాయి.

ఆ వెబ్‌సైట్లో మాకు కొత్తరకం మనుషులు తగిలారు. కొత్త కారుని రోజూ కడిగించుకునేవాళ్ళే, పాత కారు మీద దుమ్ము కనబడితే మురిసిపోతారు. ఒక బెంగళూరాయన దయచేసి కడగొద్దని మా కాళ్ళ మీద పడ్డంత పని చేశాడు. నేరేడుపళ్ళ మరకలు చూసి కళ్ళు చెమర్చాయని పుణె నుంచి ఒకాయన రాశాడు. కాకి రెట్టలు ఏ కాలం నాటివో ఇద్దరు పెద్దమనుషులు వాదించుకుని తిట్టుకున్నారు. ఫోటో కింద ఎవరు ఏం రాసినా దాన్ని ప్రజల అర్జీగానే భావించి, నంబరు వేసి, గడువులోగా జవాబివ్వాలని కమిషనర్ గారు హుకుం జారీ చేశారు. నంబర్లు మ్యాచ్ అవుతాయా అని ఒకాయన అడిగాడు. ఇంజను నంబరూ ఛాసిస్ నంబరూ కంపెనీలో వేసినవేనా అని ఆయన ఉద్దేశమట. సోమలింగం గారు స్వయంగా వెళ్ళి చూసొచ్చి, ముందు ప్లేటు మీది నంబరూ వెనక ప్లేటు మీది నంబరూ ఒక్కటేనని ధ్రువీకరించారు. ఇంజను స్టార్టు చేసి వీడియో పెట్టండని ఇంకొకాయన అడిగితే, స్టార్టు చేసినచో యథాస్థితికి భంగం వాటిల్లును గనుక వీలుపడదని జవాబిచ్చాం.

అంతలో హైదరాబాదు నుంచి నందకిశోర్ అనే ఆయన ఒక ప్రశ్న వేశాడు. అపార్ట్‌మెంట్లు కట్టి అమ్మే మనిషి, పాత కార్లు సరదా. ఆ సీట్లో ఉన్న పెద్దాయన కూడా బండితో పాటు వచ్చినవాడేనా అని అడిగి, పక్కన నవ్వుతున్న బొమ్మ పెట్టాడు. హాస్యాన్ని స్వీకరించే సెక్షన్ మా ఆఫీసులో లేదు. కమిషనర్ గారు డిక్టేషన్ ఇచ్చారు, నేను టైపు చేశాను: "సదరు వ్యక్తి చిరకాలముగా సదరు వాహనమునందే కనబడుచున్నట్లు స్థానిక విచారణలో తేలినది. ఫోటోలో గోచరించు సమస్తమును విక్రయములో అంతర్భాగమేనని ఇందుమూలముగా తెలియజేయడమైనది."

దాంతో వేలం పాట ఎక్కడికో వెళ్ళిపోయింది. కారూ డ్రైవరూ విడిపోకుండా దొరకడం ప్రపంచంలో ఇంకెక్కడా లేదని రాశారు. కారు ఎడమ లైటు మసక, మనిషి ఎడమ కన్ను మసక, జత కుదిరిందని ఒకాయన రెండిటి చుట్టూ ఎర్ర గుండ్రాలు చుట్టి పెట్టాడు. కమిషనర్ గారు ఆ గుండ్రాలు చూసి, ఇంతటి ఆస్తి మన ఆవరణలో ఇన్నాళ్ళూ అరక్షితంగా తిరుగుతోందా అన్నారు.

మర్నాడు ఉత్తర్వులు వచ్చాయి. తవిటయ్య ఆఫీసు వేళల్లో సీట్లోనే ఉండాలి. గళ్ళ చొక్కా మార్చకూడదు, గడ్డం గీయకూడదు, మెడ ఎడమవైపే వాల్చాలి. వాన పడి దుమ్ము పోకుండా పైన టార్పాలిను కట్టించాం. కారు కింద ఆకులు ఊడ్చినందుకు ఒకామెకి మెమో ఇచ్చాం. స్టీరింగు మీది సాలెపురుగు చచ్చిపోతే సోమలింగం గారు అదే సైజుది రికార్డు రూములోంచి పట్టుకొచ్చారు. కాపలా కాసేవాడు కారులో ఉండిపోయాడు గనుక ఆయన్ని కాయడానికి ఇంకో మనిషిని పెట్టాల్సి వచ్చింది.

నిజం చెప్పాలంటే మొదట్లో తవిటయ్య సంతోషించాడు. నీడ, మూడు పూటలా టీ, ఊళ్ళో జనం వచ్చి చూసిపోవడం. ఆయన బాధ తర్వాతి సోమవారం బయటపడింది. ఆ వారంలో మా ఊరి హైస్కూలుకి కంటి డాక్టర్లు వస్తున్నారు. ఎవరో దాతలు పెట్టిన శిబిరం, కార్డులూ గీర్డులూ అక్కర్లేదు, వచ్చినవాళ్ళకి వచ్చినట్టు పొర తీసేస్తారు. ఒక్కపూట సెలవు కావాలని తవిటయ్య అడిగాడు. వెంట భార్య అప్పాయమ్మ వచ్చింది. ఆవిడ సంతలో చేపలమ్ముతుంది, ఎవరి ముందూ గొంతు తగ్గించే అలవాటు లేదు.

కమిషనర్ గారు ఫోటో తెరిచి, పెద్దది చేసి, ఎర్ర గుండ్రంలో ఉన్న కన్ను ఆవిడకి చూపించారు. "చూడమ్మా. సదరు కన్ను ఫోటోలో నమోదై ఉన్నది. పాట ముగియువరకు అందులో ఎట్టి మార్పులూ చేపట్టరాదు."

"కన్ను మాయనది బాబూ," అంది అప్పాయమ్మ.

"ఆ సంగతి అప్‌లోడుకి పూర్వం మనవి చేసుకోవలసింది."

"మరి నానేటి సెయ్యాల? నాకు జవాబు సెప్పండి."

ఆమె ఫోటోలో లేదు గనుక ఈ విషయంలో ఆమె అభ్యంతరం పరిగణనలోకి రాదని కమిషనర్ గారు ఓపిగ్గా వివరించారు. తవిటయ్య వెళ్ళి సీట్లో కూర్చుని మెడ ఎడమవైపు వాల్చాడు. శిబిరం జరిగినంతసేపూ హైస్కూలు మైకు మా ఆఫీసుకి వినబడుతూనే ఉంది, పేర్లు పిలుస్తూ. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. అయినా సెలవు నిరాకరిస్తూ నా టేబుల్ మీదికొచ్చిన ఫైలు నేను ఆపలేదు, సంతకం పెట్టి పంపేశాను.

పాట నందకిశోర్ గారికే ఖాయమైంది. ఆయన పెద్ద కంటెయినర్ లారీతో, తెల్ల గ్లవుజులు వేసుకున్న మనుషులతో వచ్చాడు. సోమలింగం గారు ఫోటో పట్టుకుని మరకలు, రెట్టలు, సాలెపురుగు, తవిటయ్య అని వరసగా అప్పగించారు. నందకిశోర్ గారు తవిటయ్య దగ్గరికొచ్చేసరికి తెల్లబోయాడు. తను అప్పుడేదో సరదాకి అడిగానని, మనిషిని తీసుకెళ్ళి ఏం చేసుకోమంటారని అడిగాడు. పాక్షికంగా తీసుకెళ్ళడం నిబంధనల్లో లేదని కమిషనర్ గారు కరాఖండిగా చెప్పారు. కావాలంటే మనిషినీ కారునీ రెంటినీ వదులుకోవచ్చన్నారు. ఆయన లోకం చూసిన మనిషి. సమస్తమూ ముట్టిందని సంతకం పెట్టి, తవిటయ్యని లారీలో ఎక్కించుకుని, గేటు దాటగానే దింపేసి, చేతిలో ఎంతో కొంత పెట్టి వెళ్ళిపోయాడు.

తవిటయ్య మామూలుగా గేటులోంచి లోపలికి రాబోయాడు. కమిషనర్ గారు ఆపించారు. ఒకసారి విక్రయించిన వస్తువు తిరిగి ఆవరణలోకి ప్రవేశిస్తే ఆడిట్‌కి ఏం చెప్పాలి? కాంట్రాక్టరు కూడా అమ్మేసిన మనిషికి జీతమెలా ఇస్తానన్నాడు. తవిటయ్య గేటు బయట టీ బడ్డీ పక్కన కూర్చున్నాడు. పనికి రావొద్దన్నాక కూడా రోజూ వచ్చి అక్కడే కూర్చునేవాడు. తెలియని మనిషి ఎవరైనా లోపలికి పోతుంటే, ఎవరి కోసమని బయటినుంచే కేకేసి అడిగేవాడు. అలవాటు పోలేదు. ఇల్లు మాత్రం అప్పాయమ్మ చేపల బుట్ట మీదే నడిచింది.

నేరేడుచెట్టు మళ్ళీ కాపుకొచ్చే వేళకి నందకిశోర్ గారు ఆ కారుని అదే వెబ్‌సైట్లో అమ్మకానికి పెట్టాడు. ఈ సరదాలో కొనడం ఎంతో అమ్మడం కూడా అంతేనట. దుమ్ము దుమ్ముగానే ఉంది, మరక మరకగానే ఉంది. కానీ ఫోటో కింద అందరిదీ ఒకటే ప్రశ్న. మనిషేడీ? పాత ఫోటోలో ఉన్న మనిషి కొత్త ఫోటోలో లేడంటే సెట్టు విడగొట్టారన్నమాట, ఇది అసలు సరుకు కాదన్నారు. పాట లేవలేదు. ఆయన హైదరాబాదు నుంచి హుటాహుటిన మా ఊరు దిగి, టీ బడ్డీ దగ్గర తవిటయ్యని చూసి, తప్పిపోయిన చిన్నాన్న దొరికినంత ఆనందపడ్డాడు.

ఈ వార్త విన్న కమిషనర్ గారికి నిబంధనలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. కొన్న వస్తువుని గడువులోగా తీసుకెళ్ళకపోతే అది తిరిగి అమ్మినవారికే చెందుతుంది. తవిటయ్య గేటు దగ్గరే ఉండిపోయాడు గనుక మునిసిపాలిటీ సొత్తే. నందకిశోర్ గారు తన రసీదు తీసి చూపించాడు, సమస్తమూ తనదేనని. ఛాంబర్లో ఇద్దరూ అరగంట సేపు వాదించుకున్నారు. మధ్యలో తవిటయ్య నిలబడి ఉన్నాడు, ఎవరూ కూర్చోమనలేదు.

చేపల బుట్ట వరండాలో దించి అప్పాయమ్మ లోపలికొచ్చింది. ఈసారి ఆమె ఫోటోలో లేదన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

"మాయన ఎవరోడని తగువు గదా?" అంది. "సీలేసి, మావోడని ఎవరు కాగితం రాసిత్తే ఆలకాడికెల్తాడు. మాటలు నానొల్లను."

నందకిశోర్ గారు మా ఆవరణలో కాగితం ఎక్కడ దొరుకుతుందా అని అటూ ఇటూ చూశాడు. కమిషనర్ గారి చెయ్యి అప్పటికే లెటర్‌హెడ్ మీద ఉంది. నన్ను పిలిచి, నిలబెట్టే డిక్టేషన్ ఇచ్చారు: "శ్రీ తవిటయ్య అనువారు ఈ పురపాలక సంఘమునకు చెందినవారేనని, నేడును, ఎల్లప్పుడును, ఇతరులెవ్వరికినీ వీరిపై హక్కు లేదని ధ్రువీకరించడమైనది." ఫోటో అంటించి, దాని మీద సగం పడేలా సీలు కొట్టి, సంతకం చేశారు. ఇన్నేళ్ళు ఏ సోమవారమూ కుదరని పని, ఒక టీ చల్లారేలోపు అయిపోయింది. తవిటయ్య ఆ కాగితాన్ని మంచి కంటి దగ్గరగా పట్టుకుని చూసి, మడవకుండా తువ్వాల్లో పెట్టుకున్నాడు.

తర్వాత పెద్దమనుషులిద్దరూ రాజీ పడ్డారు. తవిటయ్య మునిసిపాలిటీవాడే, గేటు పనీ జీతమూ మళ్ళీ ఆయనవే, కానీ మరుసటి నెల కారు ఫోటోలకి అద్దెకి వెళ్ళేలా ఒప్పందం. చొక్కా ఉతకొద్దని సోమలింగం గారు గుర్తు చేశారు. తవిటయ్య అలాగేనని తలూపి, మర్నాడు మొదటి బస్సుకే పెద్దాసుపత్రికి వెళ్ళిపోయాడు. అక్కడివాళ్ళు సీలు చూశారు, మునిసిపాలిటీ మనిషేనన్నారు, పొర తీసేశారు.

అనుకున్న రోజుకి కారు వచ్చింది, నందకిశోర్ గారు వచ్చాడు, తవిటయ్య నల్ల కళ్ళద్దాలతో వచ్చి సీట్లో కూర్చున్నాడు. గళ్ళ చొక్కా అదే, మెడ వాలు అదే. అద్దాలు తీయమన్నారు. తీశాడు. సోమలింగం గారు పాత ఫోటో ఆయన ముఖం పక్కన పెట్టి చూసి, మళ్ళీ చూసి, చెమట తుడుచుకున్నారు. రెండు కళ్ళూ నల్లగా, తేటగా ఉన్నాయి.

"పాడు చేశారండీ," అన్నాడు నందకిశోర్ గారు, నిజంగానే బాధతో. కారుని లారీ ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

తవిటయ్య మాత్రం సీటు పోయినచోట నిలబడి చుట్టూ చూస్తున్నాడు. షెడ్డు, చెట్టు, ఆఫీసు బోర్డు అన్నీ తీరిగ్గా చూశాక నా వైపు తిరిగి, "నువ్వు బాగా ముసిలోడివైపోనావు బాబూ," అన్నాడు, జాలిగా.

సాయంత్రం కమిటీ కూర్చుంది. కమిషనర్ గారు చెప్పగా నేను రాసిన తీర్మానం ఇది: "సదరు తవిటయ్య ఎడమ కన్ను సంపూర్ణముగా బాగుపడినందున, ఇతనిని పనికిరాని వస్తువుగా తీర్మానించడమైనది." పనికిరాని వస్తువు ఏదైనా సర్క్యులర్ ప్రకారం ఆన్‌లైన్ వేలానికి వెళ్ళాల్సిందే. ఇచ్చిన కాగితం వెనక్కి తీసుకుని, ఫోటో తీసి, మర్నాటికల్లా పెట్టమని నన్ను ఆదేశించారు.

కాగితం అడగడానికి వెళ్ళేసరికి తవిటయ్య గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కాగితానికి ప్లాస్టిక్ అట్ట వేయించి తాడుతో మెడలో వేసుకున్నాడు. నేను ఆ మాట ఎత్తలేకపోయాను. ముందు ఫోటో పని చూద్దామని ఫోను తీశాను.

"ఉండు బాబూ," అని కాగితం గుండె మీదికి సరిగ్గా జరుపుకుని, సీలు పైకి కనబడేలా తిప్పాడు. "ఇది కూడా పడాల. పడిందంటే ఇంకెవులూ మార్చకూడదు గదా?"

మార్చకూడదన్నాను. రెండు కళ్ళూ తెరిచి ఫోనులోకి సూటిగా చూశాడు. సీలు, సంతకం, మునిసిపాలిటీకి చెందినవారేనన్న అక్షరాలు అన్నీ స్పష్టంగా పడ్డాయి. అప్‌లోడు చేసేశాకే కమిషనర్ గారికి చూపించాను. ఆయన సీలు పెద్దది చేసి చూసి, వెబ్‌సైట్ షరతు మళ్ళీ ఒకసారి చదువుకున్నారు.

పాట ముగిసేవరకు తవిటయ్య ఎక్కడున్నాడో అక్కడే, ఎలా ఉన్నాడో అలాగే ఉండాలి. స్టూలు, కాగితం, నెలనెలా జీతం, ఏదీ కదపకూడదు. ఎవరో ఒకరు పాడితేగానీ పాట ముగియదు. రెండేళ్ళయింది. ఇంతవరకూ ఒక్క పాటా రాలేదు.